గేటు మీది సింహం

మా ఊరి హైస్కూలు ఒకప్పటి దొర గడి, కోటలాంటి బంగళా. దొరలు పట్నం వెళ్ళిపోయాక అందులో బడి పెట్టారు. గేటు మీది సున్నపు సింహం మాత్రం ఎక్కడికీ పోలేదు. పైగా అదే బడి గుర్తయింది, కబడ్డీ జట్టుకు పేరూ అయింది. కోరుట్లలో ఓడి వచ్చినా, జగిత్యాలలో ఓడి వచ్చినా మావాళ్ళు సింహాలే.

ఆ సింహంతో మా నాయనమ్మకు పడదు. దొర కాలంలో మా వాడవాళ్ళు ఆ గేటు కింద చెప్పులు చేతబట్టుకుని, తల వంచుకుని నడవాలి. ఒకసారి మరిచిపోయి చెప్పులతో నడిచిన తాతను, వాటినే నెత్తిన పెట్టి పొద్దుగూకేదాకా అక్కడే నిలబెట్టారట. అందుకని నాయనమ్మ, మస్కట్ నుంచి మా నాన్న పంపిన చెప్పులు వేసుకుని, బడి వెనక గోడ కూలిన సందులోంచి మేకలతోపాటు లోపలికి వచ్చేది. నాన్న మస్కట్‌లో, అమ్మ బీడీల కార్ఖానాలో. నా కోసం బడికి రావాల్సింది ఆమే. అందరి అమ్మలూ ముందునుంచి వస్తుంటే నా మనిషి మేకల వెంట రావడం చూసి నాకు ఏడుపొచ్చేది. ఆమెను ఒక్కసారైనా గేటులోంచి నడిపించాలని నా పంతం.

నేను పదో తరగతిలో ఉండగా, సింహాన్ని తీసేయాలని కొందరు తల్లిదండ్రులు పట్టుబట్టారు. హెడ్మాస్టరు మీటింగు పెట్టారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

తీసేయడం సరే, దాని జాగాలో ఏం పెట్టాలన్న దగ్గర పీటముడి పడింది. గీత పని చేసే పెద్దమనిషి తాటిచెట్టు అన్నాడు. బడి గేటు మీద కల్లు చెట్టా అని హెడ్మాస్టరు తల పట్టుకున్నారు. సిరిసిల్లలో మరమగ్గాల సాంచాలు బందై మా ఊరికి వచ్చిన నేతకారుడు మగ్గం అన్నాడు. "నడిచే మగ్గమా, ఆగిన మగ్గమా?" అని ఎవరో అడిగితే ఆయనే ముందు నవ్వాడు.

"ఇమానం పెట్టుండ్రి సార్," అన్నాడు దుబాయిలో ఇద్దరు కొడుకులున్న ఒకాయన. "పాసైనా ఫేలైనా మా పోరగాండ్లు ఎక్కేది గదే గద."

దానికి మాత్రం ఎవరూ నవ్వలేదు.

"సింహం పోతే మా జట్టు పరువేం గావాలె సార్?" అన్నాడు కబడ్డీ కెప్టెన్, ఛాతీ విరుచుకుని.

ఎటూ తేలక, హెడ్మాస్టరు వెనక కూర్చున్న నాయనమ్మ వైపు తిరిగారు. "అవ్వా, నువ్వేమంటవు?"

"ఉండనియ్యుండ్రి సారూ."

నా ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ మేకల సందున వచ్చింది ఇందుకా అనిపించింది.

"తీసేస్తే, నేను చెప్పులేసుకొని నడిచేది ఎవ్వలు జూడాలె?"

ఆ మాట అని లేచి, వచ్చిన సందులోంచే బయటికి పోయింది. గోడ చుట్టూ తిరిగి రావడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. ఆలోగా మీటింగు మొత్తం కుర్చీలు తిప్పుకుని గేటు వైపు కూర్చుంది. మస్కట్ చెప్పులు టపటపలాడించుకుంటూ వచ్చి, నాయనమ్మ సరిగ్గా సింహం కింద ఆగింది. బుద్ధెరిగాక మొదటిసారి తలెత్తి దాన్ని చూసింది.

"గిదేనా బిడ్డా?" అంది నాతో. "కుక్క లెక్కున్నది గదనే."

అందరూ గొల్లుమన్నారు. కబడ్డీ కెప్టెన్ తల దించుకున్నాడు. నాయనమ్మ నవ్వలేదు. ఇంకా పైకే చూస్తోంది.

"గీ కుక్క కిందనా మీ తాతను నిలవెట్టిండ్రు?"