ఆరని సున్నం

నా చిన్నప్పుడు మా ఊరి బడి మీదుగా విమానం పోయినప్పుడల్లా పాఠం ఆగిపోయేది. శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు తెరిచి అప్పటికి రెండు మూడేళ్లయి ఉంటుంది. తుక్కుగూడ దిక్కున ఉన్న మా ఊరి మీదికొచ్చేసరికి అవి బాగా కిందికి దిగేవి. సారు చాక్‌పీసు చేతిలో పట్టుకుని ఊరుకునేవారు, మోత తగ్గాక మళ్లీ అందుకునేవారు. ఊరి పక్కన కొత్త రోడ్లు పడ్డాయి, భూముల ధరలు పెరిగాయి. మా బడికి మాత్రం అవే రెండు గదులు, అందులో ఒకటి ఏడాది పొడుగునా చెమ్మగానే ఉండేది.

ఆ చెమ్మ గది నాలుగు, ఐదు తరగతులది. కప్పు పగిలి వాననీళ్లు గోడలోకి దిగేవి. గోడంతా నల్లటి బూజు, ముక్కు మూసుకోవాల్సినంత వాసన. నాలుగో తరగతిలో నా చోటు సరిగ్గా ఆ గోడ పక్కనే. వానాకాలం వచ్చిందంటే నాకు దగ్గు, ఆయాసం. వారంలో సగం రోజులు బడి, సగం రోజులు దవాఖాన. మా బాపు ఆటో నడిపేవాడు. నన్ను దవాఖానకు తీసుకుపోయిన రోజు ఆయనకు కిరాయి దొరికేది కాదు. ఒకరోజు ఇంట్లో కూర్చుని, ఇగ దీన్ని బడి మాన్పిస్త, ఇంటికాడుంటే పాణమన్న మంచిగుంటది అన్నాడు. కోపంతో అన్న మాట కాదది, భయంతో అన్న మాట. అందుకే నాకు మరీ భయమేసింది. కోపమైతే రెండు రోజుల్లో దిగిపోతుంది కదా.

మా నాయనమ్మ అదే బడిలో మధ్యాహ్నం భోజనం వండేది. బడి వెనక రేకుల కొట్టం, అందులో కట్టెల పొయ్యి, ఒక పెద్ద గిన్నె. ఆమె నోరు ఊరందరికీ తెలుసు. అన్నం పారేసిన పిల్లను ఇంటిదాకా తిట్టుకుంటూ పోయేది. అలాంటి మనిషి ఆ రోజు బాపు మాట విని, నా వీపు నిమురుతూ కూర్చుంది.

ఆ చలికాలంలో ఒక కబురొచ్చింది. బడుల మరమ్మతులకు సర్కారు పైసలు ఇస్తోందట, ఇంజనీరు సారు వచ్చి చూసి రాసుకుపోతే మంజూరవుతుందట. ఊరంతా సంబరపడింది. మరి మావాళ్లకు ఒక అలవాటుంది. ఇంటికి కొత్త మనిషి వస్తున్నాడంటే చాలు, ముందు గోడలకు సున్నం పూస్తారు. ఇది ఇల్లు కాదు, పగుళ్లు చూడటానికే ఆయన వస్తున్నాడు అన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. ఊరి ఇజ్జత్ పోవద్దని పెద్దమనుషులు దగ్గరుండి చేయించారు. చెమ్మ గోడకు రెండు పూతలు సున్నం, దాని మీద రంగుల చార్టులు, గుమ్మానికి మామిడాకులు, వాకిట్లో ముగ్గు. మా నాయనమ్మ కూడా కొంగు నడుముకు చుట్టి ఒక పక్క పూసింది.

మా పెద్దసారు కోస్తా వైపు నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడిన మనిషి, రోజూ బస్సులో వచ్చిపోయేవారు. చాలా మంచివారు. ఆయనా మమ్మల్ని వరుసగా నిలబెట్టి, అడిగితే అంతా బాగుందని చెప్పాలమ్మా, మన బడిని మనమే తక్కువ చేసుకోకూడదు అని నేర్పారు.

ఎండ బాగా కాస్తున్న రోజు ఇంజనీరు సారు వచ్చాడు. గదిలో అటూ ఇటూ చూసి, నా ముందర ఆగి, గది ఎలా ఉంది పాపా అని అడిగాడు. నేను లేచి చేతులు కట్టుకుని, మంచిగుంది సార్ అన్నాను. అంటుండగానే దగ్గు వచ్చింది. గొంతులోనే మింగేశాను. ఆయన చాయ్ తాగి, బడి అంటే ఇట్లా ఉండాలని మెచ్చుకుని పోయాడు.

కొన్నాళ్లకు కాగితం వచ్చింది. మా బడికి మరమ్మతు అక్కర్లేదని. ఆ పైసలు ఇంకో ఊరికి పోయాయి. పెద్దసారు ఆ కాగితం ముందర పెట్టుకుని ఆ పూట పాఠమే చెప్పలేదు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. కానీ అడిగింది నన్నే, చెప్పింది నేనే. ఆ సంగతి నాకు తెలుసు. రాత్రుళ్లు ఆయాసం వచ్చినప్పుడు, నాకు ఇట్లానే కావాలె అనుకునేదాన్ని. పదేళ్ల పిల్ల అనుకోవాల్సిన మాట కాదది.

మరుసటి వానాకాలం దవాఖానలో ఎనిమిది రోజులు పడున్నాను. దసరా దాకా చూస్తా, తర్వాత ఇగ బడి లేదు అని బాపు తేల్చి చెప్పేశాడు. పెద్దసారు ఆ కాగితం వచ్చినప్పటి నుంచి ఆఫీసుల చుట్టూ తిరిగి మళ్లీ అర్జీలు పెట్టారు. ఎట్టకేలకు ఆ ఇంజనీరు సారే ఇంకోసారి వస్తున్నాడని తెలిసింది. ఈసారి ముసురు రోజుల్లో.

నమ్మండి, మావాళ్లు మళ్లీ సున్నం తెచ్చారు. పెద్దసారు వద్దని బతిమాలినా వినలేదు. గలీజు గోడ ఎట్ల చూపిస్తం సారూ, ఊరు బద్నాం గాదా అన్నారు. నాయనమ్మ అడ్డుపడుతుందేమోనని నేను ఎదురుచూశాను. అడ్డుపడకపోగా, పుయ్యుండ్రి, జర మందంగ పుయ్యుండ్రి అని పురమాయించింది. నాకు ఏడుపొచ్చింది.

ఆ రోజు ఇంజనీరు సారు వచ్చేసరికి భోజనాల వేళయింది. పిల్లలతో పాటు తినిపోవాలని నాయనమ్మ పట్టుబట్టింది. ఆ గదిలోనే, నా చోట్లోనే, గోడ పక్కన చాప వేసింది. నన్ను ఆయన పక్కనే కూర్చోబెట్టింది. పప్పు, కోడిగుడ్డు, వేడి వేడి అన్నం. వద్దంటున్నా కొసరి కొసరి వడ్డించింది. కడుపు నిండిన మనిషి ఏం చేస్తాడు? హాయిగా వెనక్కి ఆనుకున్నాడు.

ముసురుకు తడిసిన గోడ మీద సున్నం ఆరుతుందా? ఆయన లేచేసరికి నీలం అంగీ వీపంతా తెల్లటి ముద్ద, దాని మధ్య నల్లటి బూజు. పెద్దమనుషుల మొహాలు మాడిపోయాయి. నాయనమ్మ కొంగుతో తుడుస్తూ, అయ్యో సారూ, అంగి ఖరాబయింది గదా, మా పిల్ల రోజూ ఆడనే కూసుంటది అంది. ఆయన వెనక్కి తిరిగి గోడ మీద చెయ్యి పెట్టాడు. అరచేయి నిండా తడి సున్నం, గార కలిసి ఊడి వచ్చాయి.

అప్పుడు మళ్లీ నన్నే అడిగాడు. నేను పెద్దసారు వంక చూశాను. ఆయన అందరి ముందర నా దగ్గరికొచ్చి, "నిజం చెప్పమ్మా, పోయినసారి తప్పు నేర్పింది నేనే" అన్నారు. అంత పెద్దమనిషి ఆ మాట అంటారని నేను అనుకోలేదు. నోరు తెరిచాక ఇక ఆగలేదు. వానొస్తే నీళ్లు కారుతయ్ సార్, నాకు దమ్మొస్తది, మా బాపు బడి మాన్పిస్త అంటుండు అని అంతా చెప్పేశాను. ఆయన చాలాసేపు రాసుకున్నాడు.

పోతూ పోతూ వంట కొట్టం వైపు చూసి, అదెలా ఉందమ్మా అని నాయనమ్మను అడిగాడు. ఆమె, "అది మంచిగనే ఉంది సారూ, ముందుగాల పిల్లల రూము చూడుండ్రి" అంది. నేను పక్కనే ఉన్నాను. నిజమేననుకున్నాను.

మర్నాటి నుంచి పెద్దసారు మా తరగతిని వరండాలోకి మార్చారు. నా దగ్గు తగ్గుముఖం పట్టింది, దసరా వచ్చింది, పోయింది, బాపు బడి మాట ఎత్తలేదు. పైసలు రావడానికి ఏడాది పైనే పట్టింది. కొత్త కప్పు, కొత్త గోడ, కిటికీలు వచ్చేసరికి నేను ఆరో తరగతికి తుక్కుగూడ పోయాను. ఆ బాగైన గదిలో నేను ఒక్కరోజు కూడా కూర్చోలేదు.

నాయనమ్మ మాత్రం ఆ రేకుల కొట్టంలో ఇంకా చాలా ఏళ్లు వండింది. నేను డిగ్రీలో ఉండగా దవాఖానకు తీసుకుపోతే, ఎక్స్‌రే చూసిన డాక్టరమ్మ, ఎన్నేళ్లు పొగలో వండిందీమె అని అడిగింది. అప్పటికే ఆలస్యమైపోయింది. ఆ కొట్టాన్ని బాగుచేయమని ఎవరూ రాయలేదు, ఎందుకంటే అది మంచిగనే ఉందని ఆమే చెప్పింది కదా. వచ్చేవి ఒక్క పనికి సరిపోయే పైసలే, అవి పొయ్యి దగ్గరికి పోతే నా గోడ ఆగిపోతుందేమో అనుకుంది. ఎట్లున్నవ్ నాయనమ్మా అని రోజూ అడిగేదాన్ని. మంచిగున్న బిడ్డా అనేది. నేను నా పుస్తకాలు తీసుకుని నా దారిన పోయేదాన్ని.

ఇప్పుడు నేనూ ఒక సర్కారు బడిలో టీచర్ని. కారే కప్పుల గురించి అర్జీలు రాసి రాసి అలసిపోయాను. ఒక్కోసారి ఎందుకొచ్చిన గొడవ అనిపిస్తుంది కూడా. అయినా ఒక అలవాటు మాత్రం పోలేదు. ఏ పిల్లయినా, ఎవరైనా మంచిగుంది అంటే ఆ మాటతో లేచి వచ్చెయ్యను. కాసేపు అక్కడే కూర్చుని ఇంకోసారి అడుగుతాను. రెండోసారి అడిగితే చాలామంది చెప్తారు. నాయనమ్మను నేను రెండోసారి అడగలేదు.