ఉరుకుంద బస్సు కమాను పట్టు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు, ఆషాఢంలో, ఆదోనిలోని ఒక ప్రైవేటు బస్సుల షెడ్డులో నేను హెడ్ మేస్త్రీని. నా పైన యజమాని నాగప్ప ఒక్కడే. నా కింద ఇద్దరు ఫిట్టర్లు, ఒక కమ్మరి. నాకు అక్షరాలు ముదిరిన వయసులో వచ్చాయి. అలంకారాలు చేతకావు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

శ్రావణ సోమవారాల్లో ఉరుకుంద ఈరన్న స్వామి దగ్గరికి పోయే జనం బస్సు టాపు మీద కూడా కూర్చుంటారు. ఆ రద్దీకి పాత బస్సొకటి సిద్ధం చేయమని నాగప్ప చెప్పాడు. మామూలు రోజుల్లో అది ఎమ్మిగనూరు దారిలో తిరిగేది. మలుపుల్లో వెనక ఎడమవైపు టక్కుమంటోందని డ్రైవరు ఖాసిం సాబు అన్నాడు. అంతకుముందే ఎమ్మిగనూరులో ఎవరో కమాను పట్టీ మార్చి పంపారట. చప్పుడు మాత్రం పోలేదు.

బస్సు వెనక బరువంతా కమాను కట్టల, అంటే వంపు తిరిగిన ఉక్కు పట్టీల దొంతరల, గుండానే ఇరుసు మీదికి దిగుతుంది. ఆ కట్ట కొసను ఛాసిస్‌కు, అంటే బస్సు అడుగున ఉండే పొడుగాటి ఇనుప దూలానికి, పట్టి ఉంచే ఇనుప చెవిని హ్యాంగరు, మా మాటలో కమాను పట్టు, అంటారు. అది ఊడితే ఇరుసు పక్కకు తిరుగుతుంది. అప్పుడు స్టీరింగు ఎంత తిప్పినా బండి మాట వినదు.

నల్లరేగడి బురద ఎండి అక్కడ రాయిలా పట్టింది. గీకించి, కిరసనాయిలుతో తడిపి, పొడిగా తుడిచి, పలచగా సున్నం పూశాను. పగులుంటే లోపల దూరిన కిరసనాయిలు సున్నంలోకి ఊరి గీత కడుతుంది. కాసేపటికి ఎడమ హ్యాంగరు పక్కన దూలంలో నాలుగు వేళ్లంత గీత తేలింది. కుడివైపు ఏమీ లేదు.

జాకీని నమ్మి బండి కిందికి దూరడం మా షెడ్డులో లేదు. ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, దూలాల కింద తుమ్మ మొద్దులు పేర్చి, బరువు వాటి మీదికి దిగాకే కట్టను హ్యాంగరుకు కలిపే పిన్ను కొట్టించి ఊడదీశాను. పగులు కొసన గుండ్రటి రంధ్రం వేయించాను. పగులు అక్కడ ఆగుతుంది. దాని మీద పాత లారీ దూలం నుంచి కోసిన పలక బిగించాం. పలక కొసలు ఏటవాలుగా ఉండాలి. తిన్నగా అడ్డంగా కోస్తే, పలక అయిపోయిన చోటే దూలం మళ్లీ పగులుతుంది. బోల్టులు దూలం నిలువు ముఖానికే వేయాలి. పై అంచుకో కింది అంచుకో రంధ్రం పెట్టామంటే కొత్త పగులుకు మనమే దారి చేసినట్టు.

ఎడమవైపు పని ముగిసేసరికి నాగప్ప వచ్చి బండి తియ్యమన్నాడు. కుడివైపు కూడా పలక పడాలన్నాను.

"ఆడ గీత లేదని నీ సున్నమే సెప్పె గదప్పా. నీ సున్నాన్ని నువ్వే నమ్మవా మేస్త్రీ?"

ఆయన మాటలో పస ఉంది. టాపు ఎక్కే నిచ్చెన బస్సుకు వెనక ఎడమవైపు ఉంది. ఎమ్మిగనూరులో నేత బట్టల మూటలు ఎక్కించేవాళ్లు వాటిని నిచ్చెన పక్కనే పడేసి దిగిపోతారు, ముందుకు జరపరు. అందుకే ఎడమవైపు పగిలింది. అయితే సున్నం పగులును చూపిస్తుంది గాని, హ్యాంగరును దూలానికి పట్టించే రివెట్టు వదులైతే చూపించదు. నాగప్పను కిందికి పిలిచి, కుడి హ్యాంగరు రివెట్టు తలకు ఒక పక్క ఆయనతో వేలు పెట్టించి, రెండో పక్క చిన్న సుత్తితో తట్టాను. బిగువైన రివెట్టు కదలదు. ఇది ఆయన వేలి కింద ఎగిరింది. దాని పక్కది కూడా.

"ఇన్ని దినాలు దీన్ని పట్టుకొనే తిరిగిందా?" అన్నాడు.

"పట్టుకొని కాదు. ఏలాడుకొని" అన్నాను.

అయినా మొదటి సోమవారం చేజారిపోతుందని ఆయన గునిశాడు. ఒక్క ట్రిప్పు పోయొస్తే ఏమవుతుందని ఖాసింను అడిగాడు.

"జనాన్ని ఈరన్న గుడికి తోలమంటే తోల్తా సేట్. సీదా స్వర్గానికంటే నా వల్ల కాదు."

ఆ సోమవారం మా బస్సు కదలలేదు. జనం పక్క కంపెనీ బస్సులెక్కారు. నాగప్ప నాతో వారం సరిగా మాట్లాడలేదు. నేను వదులు రివెట్లు తీయించి, రంధ్రాలు సాఫు చేయించి, వాటికి సరిపోయే బోల్టులతో పలక వేయించాను. జిన్నింగు మిల్లు నుంచి పత్తి బేళ్లు తెప్పించి, టాపు నిండా పేర్చి, ఆస్పరి దారి గుంతల్లో తిప్పించాను. తిరిగొచ్చాక మళ్లీ సున్నం. గీత లేదు. రివెట్ల చోట వేసిన బోల్టులూ కదలలేదు. రెండో సోమవారం బండి ఉరుకుందకు పోయింది.

టాపు మీద నిచ్చెన దగ్గర మూటలు పడకుండా ఇనుప కడ్డీ ఒకటి అడ్డం బిగించాను. శ్రావణం దాటి బస్సు మళ్లీ ఎమ్మిగనూరు దారి పట్టాక మూటలోళ్లు తిట్టారు. మూట ముందుకు జరిపేదానికి నువ్వే రాప్పా మేస్త్రీ అన్నారు. కొన్నాళ్లకు బండి షెడ్డుకు వచ్చాక చూస్తే కమాను పట్లు రెండూ చెక్కుచెదరలేదు, టాపు మీది కడ్డీ మాత్రం ఎవరో విప్పేశారు. మళ్లీ బిగించి, ఈసారి బోల్టు కొసలు సుత్తితో నలగ్గొట్టాను. పానా పట్టినా నట్టు ఊడదు.

పగిలినచోట పలక వేయడం చేతిపని. ఎందుకు పగిలిందో కనుక్కొని, ఆ అలవాటును మాన్పించడం మేస్త్రీ పని. రెండోది చేయకపోతే మొదటిది ఎన్నిసార్లయినా చేస్తూనే ఉండాలి.