ఇండియం తీగ బిగించిన మూత

ఆ పరిశోధన రియాక్టర్ మూతపడి పదేళ్లయింది. డబ్బాల మాస్టారికి మాత్రం ఆ హాలు ఇంకా కళ్లకు కట్టినట్టే ఉంటుంది. న్యూట్రాన్ల దారిలో నమూనాలు పెట్టే పల్చటి అల్యూమినియం డబ్బాలు చేయడం ఆయన పని. మూతకూ అంచుకూ మధ్య ఇండియం అనే మెత్తటి లోహపు తీగ చుట్టి మరలు బిగిస్తే, లోపలి తడి చుక్క కూడా బయటికి పోకూడదు.

ఒకసారి ఒక పరిశోధక విద్యార్థిని ఆరు నెలలు ఎదురుచూసి ఆ రియాక్టర్ దగ్గర ప్రయోగానికి మూడు రోజుల వంతు సంపాదించింది. బంకమట్టి పొరల మధ్య నీటి అణువులు ఎలా కదులుతాయో చూడాలని వచ్చింది. రెండో రోజు పరుగెత్తుకొచ్చింది.

"మాస్టారూ, అణువులు దాదాపు ఆగిపోయాయి! ఇలా ఎవరూ చూడలేదండీ!"

ఆయన డబ్బా బయటికి తీయించి తూకం వేశారు. బరువు తగ్గింది. తాను నోరు మెదపకపోతే ఎవరికీ తెలియదు.

"తప్పు నాదమ్మా. తీగ కొసలు సరిగా అతకలేదు. నీళ్లు పోయాయి, పొర ఎండిపోయింది."

ఆ పిల్ల మొహం వాడిపోయింది. "ఒక్క అబద్ధం చెప్తే మీ సొమ్మేం పోయేది?" అంది ముక్కు తుడుచుకుంటూ.

"నేను చెప్పేవాణ్ణే, తూకం ఒప్పుకోవట్లేదు."

ఆమెకు నవ్వాగలేదు. ఆయన భోజనం మానేసి కొత్త తీగ బిగించారు. మిగిలిన ఒక్క రోజులో అణువులు ఎప్పటిలాగే కదిలాయి. కొత్త సంగతేమీ లేదు. మూడో రోజు మధ్యాహ్నం, ఆ కదలికను చూపే గ్రాఫులోని మామూలు గీతను అచ్చు తీసి ఇద్దరూ కిటికీ వెలుగులో చాలాసేపు చూశారు. ఉద్యోగం మొత్తంలో మాస్టారు మళ్లీ మళ్లీ తలచుకునేది ఆ మధ్యాహ్నాన్నే.