అద్దం లేని పటానికి పెట్టిన బొట్టు

2023 శ్రావణం. నాచారంలోని మా ఫ్రేముల దుకాణం నిండా లక్ష్మీదేవి పటాలే. నేను బడికి వెళ్ళలేదు. అక్షరాలు అమ్మ ఇంట్లోనే దిద్దించింది, పటం కట్టడం మామయ్య నేర్పారు. కట్టిన పటం ఇచ్చే ముందు అద్దం మీద కుంకుమ బొట్టు పెట్టడం కూడా ఆయన అలవాటు చేసిందే.

ఆ సోమవారం మేడిపల్లి నుంచి స్వరూప అనే డ్రాయింగ్ టీచర్ మూడడుగుల కాన్వాస్ తెచ్చింది. ఎన్నాళ్ళో తిరిగితే, మర్నాడు మొదలయ్యే ప్రదర్శనలో ఆమెకు ఒక్క బొమ్మకు చోటు దొరికిందట. ఫ్లోటర్ ఫ్రేమ్ కావాలంది. అంటే కాన్వాస్ చుట్టూ సన్నని సందు వదిలి బిగించే చట్రం. దానికి అద్దం ఉండదు.

బొమ్మంతా ఎరుపు, నారింజ. ఇంకేమీ లేదు.

"ఈ బొమ్మల ఏ దేవుడున్నడు చెల్లె?" అని అడిగాను.

"దేవుని బొమ్మ లేదక్కా. పొద్దుగాల సూర్యునికి మొక్కి కండ్లు మూసుకుంటవ్ గదా, అప్పుడు రెప్పల లోపల ఏం కనవడ్తది?"

నిజమే. రోజూ చూసేదే, ఎన్నడూ పట్టించుకోలేదు.

"మా అత్త అయితే, గీ రంగంత గోడలకేస్తే ఇల్లన్న మెరుస్తుండె అన్నది" అని నవ్వింది. "వానలకు రంగు ఇంకా ఆరలే, జర పైలం" అని చెప్పి వెళ్ళింది.

సాయంత్రానికి చట్రం బిగించి, లక్ష్మి పటాల పక్కనే ఆనించాను. వరుసగా బొట్లు పెట్టుకుంటూ వచ్చిన నా వేలు దాని మీద కూడా పెట్టేసింది. తడి రంగులో కుంకుమ అతుక్కుపోయింది. గుడ్డతో తుడవబోతే ఇంకా పాకింది. అంత ఎరుపులో ఎవరికి కనిపిస్తుందిలే అని ఒక మనసు. కానీ చేసింది దాచి దేవుడికి ఎలా దీపం పెట్టను? ఫోన్ చేశాను.

స్వరూప పరుగున వచ్చింది. వంగి బొట్టును దగ్గరగా చూసింది.

"తప్పయింది చెల్లె. నా చెయ్యి దేవుని పటమనుకున్నది."

"ఇన్నొద్దులు నా బొమ్మను ఎవ్వరూ గట్ల అనుకోలేదక్కా." ఆమె ముట్టకుండా బొట్టు చుట్టూ వేలు తిప్పింది.

"అయితే ఉంచుతవా?"

"ఉంచనక్కా. బొట్టుంటే అందరూ బొట్టునే సూస్తరు. రంగును ఎవ్వరూ సూడరు."

సన్నని కత్తితో గీకి, అక్కడ కొత్త రంగు పూసింది. నేను సెల్‌ఫోన్ లైటు పట్టుకుని నిలబడ్డాను, ఊపిరి కూడా గట్టిగా తీయకుండా.

మర్నాడు ఆ బొమ్మ గోడెక్కింది. నేనూ వెళ్ళాను. దాని ముందు నిలబడగానే నా చేతులు వాటంతటవే దండం పెట్టాయి.

"అక్కా, మొక్కు గానీ ముట్టకు!" అని వెనక నుంచి స్వరూప నవ్వింది.

ఇప్పుడు అడగనిదే ఏ పటానికీ బొట్టు పెట్టను. స్వరూప పుణ్యమా అని, పొద్దున సూర్యుడికి మొక్కాక కళ్ళు వెంటనే తెరవను కూడా.