నేను తుడిచేసిన ఆరు బొమ్మలు

వన్‌టౌన్‌లో కాపురం చేసే ఆడదానికి రోజుకు రెండుసార్లు ఇల్లు తుడవక తప్పదు. పొద్దున తుడిచిన గచ్చు మీద మధ్యాహ్నానికి అడుగుల ముద్రలు పడతాయి. ఓడరేవు వైపు నుంచి గాలి తిరిగిందంటే నల్లటి ధూళి కిటికీ సందుల్లోంచి, తలుపుల కిందినుంచి వచ్చి, ఆరేసిన బట్టల మడతల్లో కూడా కూర్చుంటుంది. పెళ్ళై ఈ వీధికి వచ్చినప్పుడు మా అత్తగారు నాకు నేర్పిన మొదటి పని వంట కాదు, తడిగుడ్డ గట్టిగా పిండడం. నా చెయ్యి అలా అలవాటు పడిపోయింది. ఎవరింటికి వెళ్ళినా మాటల్లో ఉండగానే బల్ల అంచు తుడిచేస్తుంటాను. ఆ చెయ్యి ఒక ఇంట్లో ఏం చేసిందో మా ఆయనకు తప్ప ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

నేను పనిచేసిన ఆ ఇంటి అమ్మగారిది స్వీడన్ దేశం. బొమ్మలు వేసేవారు. మా వీధి చివర మేడ ఇంట్లో పద్దెనిమిదేళ్ళు అద్దెకున్నారు. ఆవిడ భర్త ఒకప్పుడు ఇక్కడి ఫ్యాక్టరీలో యంత్రాలు బిగించడానికి వచ్చిన ఇంజినీరట. పని ముగిశాక ఇద్దరూ వెళ్ళిపోయారు. అక్కడ ఆయన పోయాక ఆవిడ ఒక్కరే మళ్ళీ వచ్చేశారు. ఎందుకొచ్చారమ్మా అని అడిగితే మేడ మీదికి తీసుకెళ్ళి ఓడరేవు చూపించేవారు. వాళ్ళ ఊళ్ళో చలికాలం సూర్యుడు మధ్యాహ్నం కాసేపు కనబడి పోతాడట. ఆ బూడిద రంగూ, ఇక్కడి తుప్పు ఎరుపూ కలిస్తేనే తన బొమ్మ అని చెప్పేవారు. ఆ ఒక్క మాట చెప్పడానికి పావుగంట పట్టేది. ఆవిడకొచ్చిన తెలుగులో సగం రంగుల పేర్లు, సగం కూరగాయల పేర్లు. మిగతాదంతా చేతులతోనే.

ఆవిడవి మనకు తెలిసిన బొమ్మలు కావు. మనిషి ఉండడు, చెట్టు ఉండదు. ఒక పెద్ద నల్ల పలక, దాని పక్కన సన్నటి ఎర్ర గీత, అంతే. వాటిని వాళ్ళ దేశంలో పెద్దపెద్ద హాళ్ళలో వేలాడదీస్తారని తెలిసి మా ఆయన ఒకటే నవ్వు. ఆయన పోర్టులో క్రేన్ నడుపుతాడు.

"నాను క్రేనెక్కి రోజూ సూసేదే కదే అది. దానికి మళ్ళీ బొమ్మెందుకు?"

ఈ మాట అమ్మగారికి ఎలాగో అర్థమయ్యేట్టు చెబితే, కోప్పడతారనుకున్నాను. "కరెక్ట్! కరెక్ట్!" అని చప్పట్లు కొట్టి, ఆయన్ని పిలిపించి తన చేత్తో కాఫీ కలిపి ఇచ్చారు. మా ఆయన నెల రోజులు గొప్పగా తిరిగాడు.

నా పని వంట, ఇల్లు, బొమ్మలు తుడవడం. పూర్తయిన బొమ్మలను రోజూ సాయంత్రం మెత్తటి గుడ్డతో దులపాలి. పూర్తికానివి గోడవైపు తిరిగి ఉంటాయి. వాటిని చూడకూడదు, అడగకూడదు. ఆ ఇంట్లో కట్టుబాటు అదొక్కటే. పద్దెనిమిదేళ్ళలో నేను ఒక్కసారీ తప్పలేదు.

పోయిన ఏడాది ముందటి ఏడాది ఆవిడ చూపు తగ్గడం మొదలైంది. సీతమ్మధారలో కంటి డాక్టరుకు నేనే తీసుకెళ్ళాను. నడిమధ్య చూపు పోతోందని, ఇక ఆగదని ఆయన చెప్పారు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అమ్మగారు నా చేతి వేళ్ళు ఐదూ లెక్కపెట్టి, తన వేలు ఒకటి కలిపారు. "ఆరు. తర్వాత బంద్" అన్నారు. ఆరు బొమ్మలు వేసి మానేస్తానని. అప్పటికి ఆవిడకు డెబ్బై ఎనిమిదేళ్ళు.

దీపావళి వెళ్ళాక చెక్క చట్రాలకు బిగించిన ఆరు తెల్ల గుడ్డలను మేడ మీద వరసగా పరిచారు. వాటి మీద కుంచెతో బంక రాసుకుంటూ కూర్చున్నారు. చూపు ఆనక వేళ్ళతో తడిమి తడిమి రాసేవారు. రంగు మాత్రం ఎక్కడా వెయ్యలేదు. తర్వాత వాటినలాగే వదిలేశారు. రోజూ పొద్దున ఒకసారి మేడెక్కి చుట్టూ తిరిగి దిగిపోయేవారు. చేపలమ్మే ఆమె వీధిలోంచి తలెత్తి అడిగింది.

"ఏటప్పా, మీ తెల్లమ్మ మేడ మీద వడియాలెట్టినాదేటి?"

"వడియాలే. నీకూ సేరు పంపుతాన్లే" అన్నాను.

నేను మాత్రం చూపు లేక రంగు వెయ్యలేకపోయారని, ఆరూ మొదట్లోనే ఆగిపోయాయని అనుకున్నాను. అడగలేదు. అడగకూడదు కదా.

మాఘమాసంలో ఒక పొద్దున మేడ మెట్ల మీద పడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఇరవై రోజులు ఆస్పత్రిలో ఉన్నారు. రేపు ఇంటికి తెస్తామనగా నేను ఇల్లంతా కడిగాను. జబ్బు మనిషి ఇంటికొచ్చేటప్పుడు ఎక్కడా మసి కనబడకూడదని మా అత్తగారి మాట. గుమ్మానికి పసుపు రాశాను, దిష్టికి ఎర్రనీళ్ళు కలిపి పెట్టాను. చివరికి మేడ మీది ఆరు చట్రాలూ గుర్తొచ్చాయి. మూడు నెలల ధూళి పట్టి నల్లగా అట్టకట్టి ఉన్నాయి. ఉత్త గుడ్డకు రాలేదు. వేడినీళ్ళలో సర్ఫు వేసి, తడిగుడ్డతో వలయాలు తిప్పుతూ రుద్దాను. కొన్నిచోట్ల గీతల్లా, కొన్నిచోట్ల పలకల్లా నలుపు పట్టుకుని ఎంతకీ వదల్లేదు. వంటింటి టైల్స్ మీద జిడ్డు మరకలు ఇలాగే మొండికేస్తాయి. మోకాళ్ళు పట్టేసేదాకా రుద్దాను. ఆరూ ఆరాక కిందికి దించి, హాల్లో గోడకు ఆనించి, తెల్లటి ముఖం ఇటు తిప్పి పెట్టాను. కళ్ళు ఆనకపోయినా తెలుపు తెలుస్తుంది కదా, మళ్ళీ మొదలుపెడతారు కదా అని.

మర్నాడు మా ఆయన చక్రాల కుర్చీ తోసుకుంటూ తీసుకొచ్చాడు. గుమ్మంలో దిష్టి తీశాను. అమ్మగారు నవ్వుతూనే లోపలికొచ్చారు. గోడ దగ్గరికి తొయ్యమని చెయ్యి చూపారు. ముందుకు వంగి గుడ్డ మీద అరచెయ్యి పెట్టారు. ఆ చెయ్యి అటూ ఇటూ తిరిగి ఆగిపోయింది.

"నలుపు ఏది?" అన్నారు.

తుడిచానమ్మా అని గొప్పగా చెప్పబోయాను. ఆవిడ ముఖం చూసి కొంగుతో చేతులు తుడుచుకున్నాను. నాకన్నా ముందు మా ఆయనకు ఏదో తట్టింది.

"వాన, అమ్మగారూ. అకాల వాన. దంచీసినాది. నానే కిందికి దించీసినాను" అన్నాడు.

"వాన?" అని ఆవిడ నా వైపు తిరిగారు. నేను తలూపాను. చూపు ఆనదని గుర్తొచ్చి, "వానేనమ్మా" అని నోటితో కూడా చెప్పాను.

ఆవిడ గుడ్డ మీంచి చెయ్యి తీశారు. తర్వాత చేతులతో చెప్పడం మొదలుపెట్టారు. బంక రాసినట్టు, పైనుంచి ధూళి రాలినట్టు, బంక ఉన్నచోట అది అంటుకున్నట్టు, నెలలు గడిచినట్టు. ఓడరేవు వైపు చెయ్యి చాచి, మళ్ళీ గుడ్డ మీద పెట్టారు. కళ్ళు లేని తన బదులు ఓడరేవే బొమ్మ వేస్తోందని. పైన వార్నిష్ కొట్టడం ఒక్కటే మిగిలిందని. గీతల్లా, పలకల్లా వదలని ఆ మరకలు నా కళ్ళ ముందు తిరిగాయి. వాటిని నేను ఎంత కసిగా రుద్దానో నా చేతికి తెలుసు.

మర్నాడు మధ్యాహ్నం భూతద్దం తెమ్మన్నారు. ఒక చట్రం ఒళ్ళో పెట్టించుకుని, కంటి వారగా అద్దం ఆనించి అంగుళం అంగుళం చూశారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. కాసేపటికి ఆవిడ వేలు ఒక బూడిద చార మీద పడింది. ఆ చార వెంట వలయంగా తిరిగింది. పక్కన ఇంకో వలయం, దాని పక్కన ఇంకొకటి. వాన అలా కురవదు. ఆవిడ చెయ్యి గాలిలోకి లేచి, అచ్చం నా చెయ్యిలాగే రెండు సార్లు తిరిగింది. అప్పుడు తలెత్తారు. "వాన" అన్నారు. అడగలేదు, ఊరికే అన్నారు. ఆస్పత్రిలో ఆవిడ మంచం కిటికీ పక్కనే ఉండేది. ఆ ఇరవై రోజులూ ఎండే.

ఆ రాత్రి అన్నం దగ్గర మా ఆయన అన్నాడు.

"సెప్పీవే. సెప్పీసి ఏడు."

"సెప్తే ఆవిడకేటొస్తాది?"

"ఆవిడకేటీ రాదు. నీకు నిద్దరొస్తాది."

రెండుసార్లు ప్రయత్నించాను. ఒకసారి కాళ్ళకు నూనె రాస్తూ, "అమ్మగారూ, ఆ వాన..." అన్నాను. "రేపు బెండకాయ" అన్నారు. ఇంకోసారి కొత్త బంక డబ్బా తెచ్చి ముందు పెట్టాను. మేడ మీదికి మా ఆయన మోసుకెళ్తాడని చెప్పాను. వేలు ముంచి, కాసేపు అలా పట్టుకుని, తువ్వాలుకు తుడిచేసుకున్నారు. ఆ తర్వాత కుర్చీని ఓడరేవు వైపు తిప్పమనడం కూడా మానేశారు. అన్నం తగ్గిపోయింది. వానాకాలం మొదట్లో పోయారు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

స్వీడన్ నుంచి ఆవిడ అన్న కూతురు వచ్చింది. సామాను సర్దుతుంటే ఇంటి ఓనరుగారు ఆ అమ్మాయి మాట నాకూ, నా మాట ఆ అమ్మాయికీ చెప్పారు. ఆరు తెల్ల చట్రాలనూ చూసి ఆ అమ్మాయి ఏదో అడిగింది.

"ఈవిడ ఆఖరి బొమ్మల కోసం అక్కడ హాల్లో ఒక గోడ ఖాళీగా ఉంచారట. అవేనా ఇవి అంటన్నాది" అన్నారు ఓనరుగారు.

ఈసారి చెప్పేయాలనుకున్నాను. కొంగు నడుముకు దోపుకుని నిలబడ్డాను. ఇంతలో ఆ అమ్మాయి అమ్మగారి నోటు పుస్తకం తిప్పి, ఆఖరి పేజీ దగ్గర ఆగి పైకి చదివింది. ఓనరుగారు తలూపారు.

"వాన పాడుసేసిందని ఆవిడే రాసుకున్నారట. ఎవరి తప్పూ లేదని కూడా రాసారట. నిజవేనా?"

నడుముకు దోపుకున్న కొంగు తీసేశాను. ఇప్పుడు నిజం చెబితే ఆవిడ ఆఖరిగా రాసిన మాట అబద్ధమైపోతుంది. చెప్పకపోతే ఆ ఖాళీ గోడ ముందు నిలబడ్డవాళ్ళంతా మా ఊరి వానను తిట్టుకుంటారు.

"అవునండి. వానే" అన్నాను.