మా మామ, ఆయన పెట్రోలు డబ్బా

పోయిన మంగళవారం పొద్దున మా మామ కన్నుమూశాడు. నా భర్తకు తండ్రి. చాయ్ చల్లబడిందని మా అత్తను తిట్టి, గ్లాసు పక్కన పెట్టి, వాకిట్లో గోడకు ఆనుకుని కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. వేడి చాయ్ తెచ్చి ముందు పెట్టిన అత్త రెండో తిట్టు కోసం కాసేపు ఎదురు చూసిందట. తిట్టు రాకపోయేసరికి అప్పుడు కేక పెట్టింది.

పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. మా వాకిట్లో కూర్చున్నవాళ్లలో ఒకాయన "మంచి మనిషి" అని మొదలుపెట్టి, వెంటనే ఎండల సంగతికి మళ్లాడు. నేను అబద్ధం రాయలేను. ఆయనంటే నాకు గిట్టేది కాదు. ఆయన పోయాడని తెలిసిన ఘడియలో నాకు మొదట వచ్చిన ఆలోచన, ఇక మా అమ్మ మా ఇంటికి రావచ్చు అని. మాది ఆర్మూరు, అమ్మ ఉండేది పక్కనే ఆలూరులో. "గాయన పానంతోని ఉన్నన్ని దినాలు నీ గడప తొక్క" అని ఒట్టు పెట్టుకుని, ఆ ఒట్టు మీదే ఏళ్ల తరబడి నిలబడింది. నా పిల్లల పుట్టువెంట్రుకలకు కూడా రాలేదు. అంత పట్టుదలకు మూలం ఒక పెట్రోలు డబ్బా.

మిలిటరీవాళ్లు వేలంలో అమ్మేసిన పాత జీపు ఒకటి కొని మామ కిరాయికి నడిపేవాడు. ఆర్మూరు పసుపు మార్కెట్‌కు వచ్చిపోయే వ్యాపారులను ఎక్కించుకునేవాడు, పెళ్లిళ్లకు తిప్పేవాడు. ఊరు దాటితే పెట్రోలు దొరికే కాలం కాదు. అందుకని జీపు వెనుక, బయటివైపు, ఇనుప చట్రంలో ఒక డబ్బా తోలు పట్టీతో బిగించి ఉండేది. జీపుతో పాటు వచ్చిన మిలిటరీ డబ్బాయే అది. దానికి చేసినంత సేవ ఆయన ఏ మనిషికీ చేయలేదు.

నింపాలంటే చట్రం నుంచి దించి నేల మీద పెట్టేవాడు. ఎండకు పెట్రోలు పొంగుతుందని పైన కొంత ఖాళీ వదిలేవాడు. మూత బిగించాక డబ్బాను వంచి చూసి, ముక్కు దగ్గర పెట్టి వాసన చూసేవాడు. మూతలోని రబ్బరు పగిలితే కొత్తది దొరికే దాకా డబ్బా ఖాళీగానే ఉండేది. నిండు డబ్బాను ఇంట్లోకి రానిచ్చేవాడు కాదు, వంటింటి వైపు జీపును నిలిపేవాడూ కాదు. మిగతా జీపులవాళ్లు పాత నూనె డబ్బాలో పెట్రోలు పోసి, మూతికి గుడ్డ కుక్కి, సీటు కింద పెట్టుకుని, ఆ సీటు మీదే కూర్చుని బీడీ కాల్చేవాళ్లు. వాళ్లకంటే ఆయన పద్ధతే మేలు, నేను కాదనను. కాని ఆ పద్ధతిలో ఒక్కటి కూడా ఎవరినో ఒకరిని తిట్టకుండా పాటించలేదు.

ఒకసారి మా ఇంటి ముందే కమీషన్ మీద సరుకు అమ్మిపెట్టే ఒక అడ్తి వ్యాపారి అలాంటి గుడ్డ కుక్కిన డబ్బాను తన పసుపు బస్తాల మధ్య పెట్టి జీపు ఎక్కించాడు. మామ వాసన పట్టి, బస్తాలన్నీ దింపించి, డబ్బాను రోడ్డు పక్కన పెట్టాడు.

"ఎండ తాకొద్దని బస్తల నడుమ పెట్టిన," అన్నాడు వ్యాపారి.

"మంచిగ చేసినవ్. గా గుడ్డ తడుస్తది, పసుపు తడుస్తది, ఎవడో బీడి ముట్టిస్తడు. నువ్వు కాలితె నాకు ఫికర్ లేదు. జీపు నాది."

ఆ వ్యాపారి మళ్లీ మా జీపు ఎక్కలేదు. ఆయనతో పాటు మార్కెట్లో ఇంకా చాలామంది మానేశారు. పెట్రోలంటే ఎందుకింత పట్టింపు, ఎక్కడైనా మంట చూశావా అని అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది. ఆయనంతట ఆయన ఎన్నడూ చెప్పలేదు. చెప్పి ఉంటే నా కోపంలో కొంతైనా తగ్గేదేమో.

ఇక మా చెల్లెలి పెళ్లి సంగతి. ఎండాకాలం. ఆలూరులో పెళ్లి, చెల్లెలి అత్తగారిది మెండోర. పిల్లను సాగనంపడానికి మామ జీపే మాట్లాడుకున్నాం. మెండోర వైపు పెట్రోలు దొరకదని ఆయన అప్పుడే డబ్బా నింపి వెనుక బిగించాడు. చెల్లెలు, పెళ్లికొడుకు జీపులో కూర్చున్నారు. అమ్మ పళ్లెంలో కర్పూరం వెలిగించి, పాట పాడే ఆడవాళ్లను వెంటబెట్టుకుని, బండి చుట్టూ హారతి తిప్పుతూ వెనుక వైపుకు వెళ్లింది. జీపు రేడియేటర్‌లో పోయడానికి తెచ్చిన నీళ్ల బకెట్ మామ చేతిలో ఉంది. ఆ నీళ్లు హారతి మీద కుమ్మరించాడు.

పాట ఆగిపోయింది. పిల్ల అత్తారింటికి పోతుంటే తల్లి చేతిలో హారతి ఆరిపోవడమంటే మా వైపు ఎంత అపశకునమో వేరే చెప్పక్కర్లేదు. అమ్మ చీర తడిసింది, పళ్లెంలోని కుంకుమ చేతుల మీదుగా కారింది.

"నెత్తి పనిజేస్తలేదా? ఎనుక పెట్రోలుంటె నిప్పు తిప్పుతవా?" అన్నాడు మామ.

"అన్నా, గది హారతి. నిప్పు గాదు," అంది అమ్మ.

"హారతి అని పెట్రోలుకు ఎర్కనా?"

మా నాన్న ముందుకొచ్చి, "బావా, గా డబ్బ జర దించితె అయిపోతుండె గద," అన్నాడు.

"దించి యాడ పెట్టాలె? మీ వంటల పొయ్యి పక్కకా? జరుగుండ్రి, పొద్దు పోతున్నది."

ఎక్కి కూర్చుని జీపు తీశాడు. చెల్లెలు ఏడుస్తూ వెళ్లింది, అది అత్తారింటికి పోయే ఏడుపు కాదు. ఆయన చెప్పింది తప్పని నేనిప్పటికీ అనను. "చెల్లె, జర ముందటికెళ్లి తిప్పు" అని ముందే ఒక్క మాట అంటే హారతి నిలిచేది, డబ్బా నిలిచేది, మా అమ్మ మర్యాద నిలిచేది. ఆ ఒక్క మాట ఆయన నోట్లో పుట్టలేదు. అమ్మ ఆ రోజే ఒట్టు పెట్టుకుంది. చెల్లెలు సుఖంగా కాపురం చేసుకుంటున్నా, దానికి జలుబు చేస్తే చాలు, అమ్మకు మా మామే గుర్తొచ్చేవాడు.

ఆ తరువాత కొన్నేళ్లకు నా కొడుకుకు జ్వరం వచ్చి ఫిట్స్ మొదలయ్యాయి. నిజామాబాదు దవాఖానకు తీసుకుపోవాలి. ఆ వారం ఆర్మూరులో పెట్రోలు దొరకలేదు. సగం దారిలో జీపు ఆగిపోయింది. ఆ జీపుకు పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది. మామ నాతో నేరుగా మాట్లాడడు, నేను ఆయన ఎదుట నోరెత్తకూడదు. పక్కనున్న మా ఆయనతో అన్నాడు.

"ఆమెను దిగుమను. పిలగాన్ని వట్టుకొని దూరం పొమ్మను."

"పిలగాని ఒళ్లు కాలిపోతున్నదని చెప్పు," అన్నాను నేనూ మా ఆయనతోనే, మామకు వినబడేలా.

"బండి కాలితె గంతకంటె ఎక్కువ కాలుతది. దిగుమను."

రోడ్డు పక్క మక్కజొన్న చేను కోసేసి ఉంది, ఎక్కడా నీడ లేదు. కొంగు కప్పిన కొడుకును భుజాన వేసుకుని ఎండలో నిలబడ్డాను. ఆయన ఇంజను చల్లారనిచ్చి, గరాటు పెట్టి డబ్బాలోని పెట్రోలు తొణక్కుండా పోసి, చుట్టూ తుడిచి, ఆ వాసన పోయే దాకా ఆగాడు. అంతసేపూ నేను ఆయన్ని మనసులో తిట్టని తిట్టు లేదు. ఆయన చావు కోరుకున్నాను. తరువాత పిలిచాడు, ఎక్కాం, దవాఖాన చేరాం, నా కొడుకు బతికాడు. ఆ డబ్బా లేకపోతే వాడు లేడు. ఆ మాట మా ఆయన ద్వారా మామకు చెప్పిస్తే, "డబ్బ ఖాలీ అయింది, ముందుగాల నింపియ్యి" అన్నాడట. మన ధన్యవాదం పెట్టుకోవడానికి ఆ మనిషిలో చోటే ఉండేది కాదు. అయినా ఇక్కడ రాస్తున్నాను, నేను ఆయనకు రుణపడ్డాను.

అమ్మ దవాఖానకు వచ్చింది. మామ లోపలున్నంతసేపూ వరండాలో వీపు తిప్పి కూర్చుంది. జరిగింది చెబితే, "పానం మీదికి వచ్చిన పిలగాన్ని ఎండల నిలవెట్టిండా? గాడు మనిషా?" అంది. ఆ కోపం ఇద్దరం కలిసి చాలాకాలం పెంచుకున్నాం.

మామ పోయిన మూడో నాడు అమ్మ మా గడప తొక్కింది. వెంట మా కాక, అంటే నాన్న తమ్ముడు వచ్చాడు. అత్తను పట్టుకుని ఏడ్చింది. తరువాత నన్ను పక్కకు పిలిచి, "ఒట్టు తీరింది. మాఫ్ చేసిన అనుకోకు," అంది. నేను అనుకోలేదు.

మధ్యాహ్నం వాళ్లను దింపడానికి మా ఆయన జీపు బయటికి తీశాడు. అమ్మ, కాక ఎక్కి కూర్చున్నారు. ట్యాంకులో పెట్రోలు తక్కువుందని మా ఆయన డబ్బా దించి గరాటు తెచ్చాడు. ఆయనది మెత్తటి నోరు. ఇన్నేళ్లకు ఇంటికి వచ్చిన అత్తగారిని దిగమనడానికి మొహమాటపడి, గరాటు చేత్తో పట్టుకుని అటూ ఇటూ చూస్తూ నిలబడ్డాడు. కాక బీడీ తీసి నోట్లో పెట్టుకుని అగ్గిపెట్టె తడుముకుంటున్నాడు.

అమ్మ చేయి చాచి కాక నోట్లోని బీడీ గుంజి పారేసింది. "దిగు," అంది. ఆయన్ని రెక్క పట్టి దింపి, వీధి ఆ చివరి దాకా తోలుకుపోయింది. అక్కడా నీడ లేదు.

"ముసలోడు సచ్చి గూడ నన్ను ఎండల నిలవెట్టిండు," అంటూ మా మామను నోటికొచ్చినట్టు తిడుతూనే ఉంది. మా ఆయన పోయడం ముగించి, మూత బిగించి, సీటు చుట్టూ తుడిచాడు. రమ్మని చేయి ఊపాడు. అమ్మ కొంగు నెత్తి మీద కప్పుకుని, కాక రెక్క వదలకుండా, పెట్రోలు వాసన పోవాలని ఇంకాసేపు అక్కడే నిలబడింది.