ఒక్క ‘అప్పా’ కోసం ఎన్ని కషాయాలో

బెంగుళూరులో ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు నాలుగు భాషలు వచ్చని కాస్త గొప్పగానే ఉండేది. తెలుగు పుట్టుకతో వచ్చింది, ఇంగ్లీషు ఉద్యోగం కోసం నేర్చుకున్నది, హిందీ సినిమాల పుణ్యం, కన్నడం సిటీ బస్సు కండక్టర్ల దయ. ఇన్ని భాషలు నోట్లో పెట్టుకుని, ఒక పెద్దమనిషిని ఏమని పిలవాలో తెలియక ఆదివారం ఆదివారం మూగవాడిలా తిరిగిన ఘనుణ్ణి ఈ మహానగరంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు నా పెళ్ళి ఆ పిలుపు దగ్గరే ఆగిపోయి ఉంది. నవ్వేంత ధైర్యం నాకు లేదు.

గొడవంతా ‘అప్ప’ అనే రెండక్షరాలది. మాది విజయనగరం దగ్గర పల్లె. మా వైపు అప్ప అంటే అక్క. నన్ను పెంచి పెద్దచేసింది మా అప్పే. మడివాళ పీజీలో నా గదిలో ఉన్న సేలం కుర్రాడికి తెలుగు కొంచెం అర్థమయ్యేది (ఆ కొంచెమే కొంప ముంచింది). ఒక సాయంత్రం నేను ఫోనులో, “అప్పా, మొన్న కొన్న ఆకుపచ్చ చీర కట్టుకున్నావా? జడలో పూలు పెట్టుకున్నావా లేదా?” అని అడుగుతుంటే, వాడు చదువుతున్న పేపరు మెల్లగా కిందికి దించాడు. ఫోను పెట్టేశాక నా పక్కన కూర్చుని, భుజమ్మీద చెయ్యి వేసి, మీ ఇంట్లోవాళ్ళు చాలా విశాల హృదయులు అన్నాడు. తమిళంలో అప్పా అంటే నాన్న అని నాకు తెలిసింది అప్పుడే. కన్నడంలోనూ నాన్నే అని తరవాత తెలిసింది. పీజీ ఎదురుగా బట్టలు కుట్టే ఉర్దూ ఆవిణ్ణి తమ్ముళ్ళు ‘ఆపా’ అని పిలవడం విని, అదీ అక్క అనే అర్థంతోనే అని తెలిసి, పరాయి ఊళ్ళో చుట్టం దొరికినంత సంబరపడ్డాను. మూల మీది మలయాళీ మెస్సులో ఆదివారం పొద్దున్న అప్పం పెట్టేవాడు. దాని జోలికి నేను పోలేదు, తినడం తప్ప.

ఈ అప్పల మధ్యలో మా ఆవిడ వచ్చింది. అప్పటికి ఆవిడ కాదు, ఆఫీసులో పక్క సీటు. వాళ్ళది బెంగుళూరు పక్కనున్న హొసకోటె. తాత ముత్తాతల నాడే అక్కడ స్థిరపడిన తెలుగువాళ్ళు. వాళ్ళ నాన్నగారికి బజారు వీధిలో పూజ సామాన్ల అంగడి ఉంది. పసుపు, కుంకుమ, కర్పూరం ఒక పక్క, మిరియాలు, పిప్పళ్ళు, అతిమధురం లాంటి మందు దినుసులు ఒక పక్క. ఇల్లు అంగడి వెనకాలే. మేమిద్దరం ఒకరికొకరం చెప్పుకోవలసినవి చెప్పేసుకున్నాక, ఒక సోమవారం ఆమె వచ్చి, “మా అప్పకి చెప్పేసినా. చూస్తాను, ఆదివారం అంగడికి రమ్మను అన్నాడు,” అంది. వాళ్ళలో పిల్లవాణ్ణి సోఫాలో కూర్చోబెట్టి ప్రశ్నలడిగే పద్ధతి లేదు. అంగడిలో కూర్చోబెట్టుకుంటారు. వచ్చేపోయేవాళ్ళ మధ్య మనిషి ఎలా ఉంటాడో చూస్తారు. జీతమెంత, ఆస్తి ఎంత అని అడిగితే గడగడా చెప్పేద్దామని బస్సులో వల్లెవేసుకుంటూ వెళ్ళినవాడికి ఇది పెద్ద దెబ్బ.

ఆయన నన్ను చూసి, “రాప్పా, బస్సు బేగ సిక్కిందా? తిండి అయిందాప్పా? కూర్సో,” అన్నారు. కర్పూరం కొనడానికొచ్చిన ముసలాయన్ని ‘ఏమప్పా’ అన్నారు. కొట్టు మెట్టు మీద పడుకున్న పిల్లిని ‘లెయ్యప్పా’ అన్నారు. ఆయనకి లోకమంతా అప్పే. నాకు మాత్రం ఆయన్ని పిలవడానికి మాట దొరకలేదు. ‘సార్’ అన్నాను. “సారు బ్యాంకులో ఉంటాడప్పా, ఈడ లేడు,” అన్నారు. కాసేపాగి ‘అంకుల్’ అన్నాను. ఆయన కళ్ళజోడు పైనుంచి చూసి, “మీ నాయనకి నేను తమ్మున్నా, అన్ననాప్పా?” అని అడిగి, జవాబు కోసం నిజంగానే ఎదురుచూశారు. ‘మామయ్యా’ అందామంటే అసలు సంగతి తేలకుండానే అల్లుడి హోదా పుచ్చుకున్నట్టుంటుంది. ‘ఏమండీ’ అందామంటే లోపల్నించి ఆయన భార్య పిలిచే పిలుపు అదే. అందరిలాగా ‘అప్పా’ అందామని ఒకసారి నోరు తెరిచాను కూడా. ఆకుపచ్చ చీరలో మా అప్ప కళ్ళముందు కనిపించింది. నోరు మూసేశాను.

అందుకని దగ్గడం మొదలుపెట్టాను. ఆయన లోపల ఉండగా గిరాకీ వస్తే దగ్గేవాణ్ణి. ఆయన ఫోను మోగితే దగ్గేవాణ్ణి. వెళ్ళొస్తానని చెప్పడానికి ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడి, ఆయన తల ఎత్తేదాకా రకరకాలుగా దగ్గేవాణ్ణి. మొదటి ఆదివారమే ఆయన జాలిగా చూసి, లోపలికి కేకేసి, మిరియాలూ పిప్పళ్ళూ దంచి వేసిన కషాయం పెద్ద లోటాడు తెప్పించారు. “తాగప్పా, ఎద అంతా పట్టేసుండాది,” అన్నారు. కాదంటే దగ్గు దొంగదని ఒప్పుకోవాలి. తాగాను. చెవుల్లోంచి ఆవిర్లొచ్చాయి. మరుసటి ఆదివారం పిప్పళ్ళు కాస్త పెరిగాయి. ఆ పై ఆదివారం ఇంకాస్త. టిన్ ఫ్యాక్టరీ స్టాపులో హొసకోటె బస్సు ఎక్కుతుంటేనే నా గొంతు మండడం మొదలయ్యేది. ప్రేమించినవాళ్ళు కొండలెక్కారనీ సముద్రాలు దాటారనీ వింటాం గానీ, ఇంత మిరియాల కారం మింగినవాళ్ళ గురించి ఎక్కడా వినలేదు.

ఆయన మాత్రం అవుననీ అనరు, కాదనీ అనరు. అడిగితే ‘చూస్తామప్పా’ అంటారు. చివరికి ఒక మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్లో మా పక్క సీటు ముఖం చిన్నబుచ్చుకుని కూర్చుంది. “మా ఇంట్లో నిన్ను దగ్గులబ్బాయి అంటా ఉండారు,” అంది. అందులో తప్పేముంది, కషాయం పని చెయ్యడం లేదని చెప్పమన్నాను. ఆమె నవ్వలేదు. “ఈ ఆదివారం మీ పెద్దోళ్ళని పిల్చుకొని రమ్మన్నాడు. ఔనో కాదో ఆ దినమే చెప్పేస్తాడంట. నాకు భయంగా ఉండాది. నీ మీద ఏదో కొరత పెట్టుకోనుండాడు, ఏందో చెప్పడంలేదు,” అంది. ఆమె కళ్ళలో నీళ్ళు చూశాక నాకు తిండి సహించలేదు. కొరత ఏమిటా అని రాత్రంతా లెక్కేసుకుంటే చాలా కనిపించాయి గానీ, అసలుది తట్టలేదు.

నాకు పెద్దవాళ్ళంటే మా అప్పే. బడికి సెలవు పెట్టి (టీచరు తను), రైల్లో దిగి, ఆదివారం పొద్దున్నే నాతో హొసకోటె వచ్చింది. అంగడి మెట్టెక్కుతూనే, ఏ తడబాటూ లేకుండా, “అన్నయ్యగారూ, బావున్నారా?” అంది. నేను ఇన్ని ఆదివారాలు చెయ్యలేనిది మా అప్ప చెప్పులు విప్పేలోగా చేసేసింది. ఆయన లేచి నిలబడ్డారు. ఆమెకి కుర్చీ వేయించి, కాఫీ ఇప్పించి, గిరాకీ లేని సమయం చూసుకుని గొంతు సవరించుకున్నారు.

“అంతా బాగుండాదమ్మా. ఉద్యోగం ఉండాది, గుణం ఉండాది, మా పాపకి ఇష్టం ఉండాది. నాకు ఒకటే బాధ. ఇన్ని వారాలుగా వస్తా ఉండాడు, నన్ను ఒక్క తూరి పిలవలేదు. ఊరికే దగ్గుతాడు. అది దగ్గు కాదని నాకు తెలీదామ్మా? ఈ కారానికైనా నోరు తెరిచి ఏదో ఒకటి పిలుస్తాడేమో అని చూస్తిని. రేపు నా కూతురింటికి నేను పోతే, ఈ పిల్లోడు తలుపుకాడ నిలబడి దగ్గుతాడా? పిలవని ఇంట్లోకి మనిషి ఎట్ల పొయ్యేది?”

ఆయన ఎగతాళిగా అనలేదు. నిజంగానే నొచ్చుకున్నారు. నా చెంప ఛెళ్ళుమనిపించినా అంత సిగ్గేసేది కాదు. మా అప్ప నా వైపు తిరిగి, “ఏట్రా, నిజవేటి?” అంది. జవాబు చెప్పబోతే అలవాటుకొద్దీ దగ్గొచ్చింది. లోపలి గుమ్మం దగ్గర మా పక్క సీటు నుదురు కొట్టుకుంది.

మా అప్ప కాఫీ గ్లాసు కింద పెట్టింది. “పొగరు కాదండి అన్నయ్యగారూ,” అంది. “అమ్మా నాన్నా పోయేటప్పటికి ఆడికింకా మాటలే రాలేదండి. ఆడి నోటమ్మట వచ్చిన మొదటి మాట అప్ప. ఆకలేసినా అప్పా అనీవోడు, దెబ్బ తగిలినా అప్పా అనీవోడు. ఇంట్లో నేను తప్పితే పిలవడానికి ఎవరున్నారండి? పెద్దోళ్ళని పిలవడం ఆడికి నేర్పలేదండి నేను. ఆ తప్పు నాది.” మా అప్ప ఒకరి ముందు అలా తప్పు ఒప్పుకోవడం నేను అంతకు ముందు చూడలేదు. ఇంటికి వెళ్ళిపోదాం పద అనాలనిపించింది, ఏ పెళ్ళీ వద్దనిపించింది.

ఆయన చేతిలో ఉన్న కుంకుమ పొట్లానికి దారం చుడుతూనే ఉన్నారు. “మీ తట్టు అప్ప అంటే అక్కనామ్మా?” అన్నారు చివరికి. ఔనండి అంది మా అప్ప. “మా తట్టు నాయన,” అన్నారు ఆయన. పొట్లం పక్కన పెట్టి, నా ముందుకొచ్చి నిలబడ్డారు. “అట్లయితే నీకు మాట ఉండాదప్పా. మనిషే లేకపోయినాడు. ఇదిగో, నేనుండా కదా. పిలువు.”

పిలవాలనే అనుకున్నాను. దగ్గే ముందొచ్చింది, మింగేశాను. బజారు వీధంతా నా నోటికేసి చూస్తున్నట్టు అనిపించింది. “అప్పా” అన్నాను. నాకే సరిగా వినపడలేదు. కానీ అంగడిలో రెండు గొంతులు ఒక్కసారే “ఆఁ” అన్నాయి. మా అప్పా, ఆయనా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మా అప్ప కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతూ ఏడ్చింది. ఆయన లోపలికి తిరిగి, “ఏమే, పాయసం పెట్టు,” అని కేకేశారు.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు మా అమ్మాయి నన్ను ‘అప్పా’ అంటుంది. నేను నాన్నా అని నేర్పినా నోటికెక్కలేదు. తను చూసే కొరియా సీరియళ్ళలో కూడా నాన్నని అప్పా అనే పిలుస్తారట, అందుకని నేనే మైనారిటీ అంటుంది. మామగారికి వయసు మీదపడింది. చెవి మందగించింది. ఇప్పటికీ అంగడిలో ఓ మూల కుర్చీ వేసుకుని కూర్చుంటారు. నేను మెట్టు దగ్గర నిలబడి పిలుస్తాను. పలకరు. ఇంకాస్త గట్టిగా పిలుస్తాను. వీధిలోవాళ్ళు తిరిగి చూస్తారు. నోట మాట రాక నిలబడ్డ ఆ కుర్రాడు నన్నిప్పుడు చూస్తే ఏమనుకుంటాడో అనిపిస్తుంది. “మా అప్పకి అంతా వినపడ్తాది, నీతో ఊరికే పిలిపించుకుంటా ఉండాడు,” అంటుంది మా ఆవిడ. నాకూ ఆ అనుమానం ఉంది. మొన్న రెండోసారి పిలిచినప్పుడు ఆయన మీసం కింద నవ్వు కదలడం నేనూ చూశాను. చూసి, మూడోసారి పిలిచాను.